అమ్మమ్మ కెంపు ఉంగరం: మీటర్ 1.76 అంటోంది, కొట్టాయన సింథటిక్ అంటున్నారు, ఎవరి మాట నమ్మాలి?

సీతమ్మధార_చెల్లి

అందరికీ నమస్కారం. చాలా రోజుల్నుంచి ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. మా అమ్మమ్మ పోయాక ఆవిడ ఉంగరం అమ్మకి వచ్చింది. ఒంటిరాయి కెంపు, వెనకవైపు కట్టు మూసేయలేదు కాబట్టి వెలుతురు బాగా దూరుతుంది. అమ్మమ్మ వాళ్ల నాన్న రంగంలో (బర్మాలోని రంగూన్) పనిచేసి, 1942లో యుద్ధం భయంతో వేలమందితో పాటు నడిచి వచ్చేశారట. ఆ నడకలో మొలకి కట్టుకుని తెచ్చిన రెండు మూడు వస్తువుల్లో ఇదొకటని ఇంట్లో చెప్పుకుంటారు. అందుకే ఇది బర్మా కెంపు కాదేమో అన్న అనుమానం మాకు ఎప్పుడూ రాలేదు.

పోయిన నెల సైజు తగ్గించడానికి మన విశాఖ కురుపాం మార్కెట్‌లో ఒక కొట్టుకి తీసుకెళ్తే, అక్కడాయన భూతద్దంలో అర నిమిషం చూసి "రాయి సింథటిక్ అమ్మా, బంగారం తూకమే లెక్క" అనేశారు. అమ్మ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. నాకు మనసు ఆగక ఆన్‌లైన్‌లో రిఫ్రాక్టోమీటర్ కొన్నాను, వీడియోలు చూసి నేర్చుకుని మూడు రాత్రులు కూర్చుని కొలిచాను. ప్రతిసారీ 1.762, 1.770. కెంపుకి పుస్తకాల్లో ఇచ్చే అంకె సరిగ్గా ఇదే కదా. మరి ఆయన అంత తేలిగ్గా కాదని ఎలా అంటారు? పాత బంగారం కింద తక్కువకి కొనేయడానికి అలా అన్నారేమో అని కూడా అనిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

వన్‌టౌన్_సానపట్టు

అమ్మా, మీరు కొలిచింది తప్పు కాదు, ఆయన చెప్పింది కూడా తప్పు కాకపోవచ్చు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు, అదే ఇక్కడ అసలు సంగతి. నేను ఇరవై ఏళ్లు రాళ్లకి సాన పట్టాను, ఇదే గొడవ మా ముందు ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు.

రిఫ్రాక్టోమీటర్ చేసే పని ఒక్కటే. రాయిలోకి వెలుతురు ఎంత వంగుతుందో చెబుతుంది. గాజు దిమ్మ మీద ఒక చుక్క ద్రవం వేసి, రాయి బల్లపరుపు ముఖాన్ని దాని మీద పెడతాం. ఒక కోణం దాటాక వెలుతురు రాయిలోకి వెళ్లలేక మొత్తం వెనక్కి తిరిగి వచ్చేస్తుంది. స్కేలు మీద చీకటి, వెలుతురు కలిసే గీత అదే. ఆ గీత 1.718 దగ్గర ఒక్కటే ఉంటే స్పినెల్ (కెంపులా కనిపించే వేరే జాతి రాయి), 1.544, 1.553 అని రెండు వస్తే స్ఫటికం జాతి, 1.76, 1.77 వస్తే కెంపు, నీలం, కనకపుష్యరాగం ఉండే కురువిందం జాతి. అంటే మీ రాయి గాజు కాదు, గోమేధికం కాదు, స్పినెల్ కాదు అని తేలిపోయింది. ఇది చిన్న విషయం కాదు. రంగం నుంచి వచ్చిన "కెంపులు" చాలావరకు ఈ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి.

కానీ ఆ రాయి భూమిలో పుట్టిందా, కొలిమిలో పుట్టిందా అన్నది మీటర్‌కి తెలియదు. ఫ్రాన్స్‌లో వెర్నోయ్ అనే రసాయన శాస్త్రవేత్త 1902లోనే పద్ధతి ప్రకటించాడు. అల్యూమినియం ఆక్సైడ్ పొడిలో కాస్త క్రోమియం కలిపి, రెండువేల డిగ్రీలు దాటిన మంటలోంచి జల్లితే, కరిగిన పొడి కింద తిరిగే దిమ్మ మీద పేరుకుంటూ పెరుగుతుంది. అది గాజు కాదు, రసాయనపరంగా అచ్చమైన కెంపే. గట్టిదనం అదే, బరువు అదే, వెలుతురు వంచేదీ అంతే. అందుకే మీ అంకె అలా వచ్చింది. మీ ముత్తాతగారు రంగంలో ఉన్న రోజులకి ఆ రాళ్లు బజారులోకి వచ్చి ముప్పై ఏళ్లు దాటిపోయింది. గనులున్న బర్మాలోనే వాటిని గని కెంపుల్లో కలిపి అమ్మేవాళ్లు. పాపం పెద్దాయనకి తెలిసే అవకాశం లేదు.

తేల్చాలంటే రాయి లోపలికి చూడాలి. మీ దగ్గర పది రెట్ల లూప్, అంటే నగలవాళ్లు వాడే చిన్న భూతద్దం, ఉందా?

రుషికొండ_రాళ్లపిచ్చి

అన్నా, అల్ట్రావయొలెట్ టార్చ్ కొడితే సరిపోదా? నిప్పులా ఎర్రగా వెలిగితే బర్మా అని విన్నాను.

వన్‌టౌన్_సానపట్టు

వద్దు తమ్ముడూ, ఆ టార్చ్ చాలామందిని ముంచింది. క్రోమియం ఎక్కువ, ఇనుము తక్కువ ఉంటే ఎర్రగా వెలుగుతుంది. బర్మా కెంపులో ఇనుము తక్కువ కాబట్టి వెలుగుతుంది, కొలిమి కెంపులో ఇనుము దాదాపు ఉండదు కాబట్టి అది ఇంకా గట్టిగా వెలుగుతుంది. థాయ్ గని రాయిలో ఇనుము ఎక్కువ, అది అచ్చమైన జాతిరాయే అయినా మసకగానే ఉంటుంది. వెలిగిందని సంబరపడి కొంటే సింథటిక్ కొన్నట్టే.

సీతమ్మధార_చెల్లి

లూప్ ఉంది, మీటర్‌తో పాటు ఇచ్చారు. కానీ దాంట్లో నాకేమీ సరిగ్గా కనబడడం లేదు, అంతా ఊగుతోంది, ఎర్రటి మెరుపు తప్ప.

వన్‌టౌన్_సానపట్టు

అందరూ చేసే పొరపాటే. లూప్‌ని రాయి దగ్గర పెట్టి కన్ను దూరంగా ఉంచుతారు. అలా కాదు. లూప్‌ని కంటికి దాదాపు ఆనించండి, కనుబొమకి తగలాలి. పది రెట్ల లూప్‌లో స్పష్టంగా కనిపించేది రెండున్నర సెంటీమీటర్ల దూరంలో మాత్రమే, కాబట్టి రాయిని కదిపి దగ్గరికి తెచ్చుకోవాలి గానీ లూప్‌ని కదపకూడదు. రెండు చేతుల వేళ్లు ఒకదానికొకటి ఆనించండి, మోచేతులు బల్ల మీద పెట్టండి. రెండో కన్ను మూయకండి, కాసేపటికే నొప్పి పెడుతుంది.

ఇంకోటి. దీపం పైనుంచి కొడితే ముఖాల మెరుపు తప్ప లోపలేమీ కనిపించదు. వెనకనుంచి రావాలి, మధ్యలో తెల్ల టిష్యూ కాగితం అడ్డం పెట్టండి. చిన్న గాజు గిన్నెలో కొబ్బరినూనె పోసి ఉంగరం ముంచితే పైమెరుపు ఇంకా తగ్గుతుంది. ఒంటిరాయి కెంపు కాబట్టి పర్వాలేదు, ముత్యాలు, పచ్చలు ఉన్న నగైతే ఇలా ముంచకూడదు. గీతలు ఉన్నాయా, ఉంటే తిన్నగానా వంపుగానా, బుడగలు ఉన్నాయా, ఓపిగ్గా చూసి చెప్పండి. గీతలు ఒక్క వైపునుంచే కనిపిస్తాయి, రాయిని తిప్పుతూనే ఉండాలి.

నర్సీపట్నం_కొండగాలి

ఈ టాపిక్ చూసి రాయకుండా ఉండలేకపోతున్నాను. మా వైపు నర్సీపట్నం, చింతపల్లి అంటే రంగురాళ్లకి పేరు, వెలుతురుని బట్టి రంగు మారే అలెగ్జాండ్రైట్ దొరుకుతుందని అందరికీ తెలుసు. ఆ పేరుతోనే నేను మోసపోయాను. ఆరేళ్ల కిందట ఒకతను ఇంటికి వచ్చి కాగితం పొట్లం విప్పాడు. వాకిట్లో చూపిస్తే నీలం కలిసిన బూడిద రంగు, లోపల పాతకాలం ఫిలమెంట్ బల్బు కింద పెడితే వంకాయ రంగు. రంగు మారింది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. నలభై ఐదు వేలు ఇచ్చాను. అది మా పాప కాలేజీ ఫీజు కోసం దాచింది.

ఏడాది తర్వాత ఒక స్నేహితుడి దగ్గర మీటర్ మీద పెట్టించాను. 1.762, 1.770 వచ్చింది. మీకు వచ్చిన అంకే చెల్లెమ్మా! మీకు సంతోషం, నాకు గుండె ఆగినంత పని. అలెగ్జాండ్రైట్ క్రిసోబెరిల్ జాతి, వైడూర్యానికి తోబుట్టువు. దానికి 1.746, 1.755 దగ్గర రావాలి. నాది వనేడియం కలిపి మంటలో పెంచిన కురువిందం. స్నేహితుడు చేతిలో పట్టే స్పెక్ట్రోస్కోప్ (రాయిలోంచి వచ్చే వెలుతురుని రంగులుగా విడదీసి చూపేది) తెచ్చి చూపించాడు, నీలం భాగంలో 474 నానోమీటర్ల దగ్గర సన్నటి నల్లగీత. అది వనేడియం గీతట. ఆ గీత చూశాక ఇంక వాదించడానికి ఏమీ మిగల్లేదు.

అసలు అలెగ్జాండ్రైట్ పగటి వెలుతురులో ఆకుపచ్చగా, దీపం కింద ఎర్రగా ఉండాలి. వంకాయ రంగు చూసినప్పుడే అనుమానపడాల్సింది. ఇంకో మాట, ఫోన్ టార్చ్‌తో రంగు మారడం పరీక్షించకండి, ఎల్ఈడీ తెలుపులో నీలం పాలు ఎక్కువ, నిజమైన రాయి కూడా సరిగ్గా మారదు. నూనె దీపమో, కొవ్వొత్తో వెలిగించండి. గోతుల్లోంచి తెచ్చామని ఎవరైనా పొట్లం విప్పితే అసలు ఆ వైపు చూడకండి. అడవిలో దొంగతనంగా తవ్వేవాటిలో మట్టి విరిగిపడి ఎంతమంది పోయారో మా ఊళ్లలో అడగండి.

భీమిలి_జియాలజీ

నర్సీపట్నం బాబాయ్, మీరు అది బయటికి చెప్పడమే చాలామందికి మేలు. నేను ఎమ్మెస్సీ జియాలజీ. మీటర్ కొనలేనివాళ్లు ఇంట్లోనే పోలరిస్కోప్ (ఒక దిశకి కట్టుబడిన వెలుతురులో రాయిని తిప్పి చూసే సాధనం) చేసుకోవచ్చు. లాప్‌టాప్‌లో ఖాళీ తెల్ల పేజీ తెరవండి, ఎల్‌సీడీ తెర నుంచి వచ్చే వెలుతురు ముందే ఒక దిశకి కట్టుబడి ఉంటుంది. పోలరైజ్డ్ చలవ కళ్లద్దం ఒకటి తీసుకుని తెర ముందు తిప్పుతూ ఉంటే ఒకచోట తెర నల్లబడిపోతుంది. అక్కడ ఆపి, అద్దానికీ తెరకీ మధ్య రాయిని పట్టుకుని నెమ్మదిగా తిప్పండి.

కెంపు, పచ్చ, స్ఫటికం లాంటివి ఒక చుట్టులో నాలుగుసార్లు వెలిగి నాలుగుసార్లు ఆరతాయి. గార్నెట్, స్పినెల్ ఎంత తిప్పినా నల్లగానే ఉంటాయి. గాజు కూడా నల్లగానే ఉండాలి, కానీ దాని లోపలి ఒత్తిడి వల్ల పాము పాకినట్టు నీడలు కదులుతాయి, మొదట్లో అవి చూసి కెంపులా వెలిగి ఆరే రాయి అనుకుంటారు. కెంపుని కూడా దాని అక్షం వెంట చూస్తే ఆరడం వెలగడం ఉండదు, అందుకని కనీసం మూడు వైపులనుంచి చూడాలి. నేను మొదటిసారి గార్నెట్, స్ఫటికం పక్కపక్కన పెట్టి చూసినప్పుడు రాత్రి ఒంటిగంట దాకా లేవలేదు.

ప్రాక్టీసుకి గార్నెట్ కావాలంటే మన తీరంలో అలలు లాగేసిన చోట ఎర్రటి, నల్లటి చారలు కనిపిస్తాయి కదా, ఎర్రవి ఎక్కువగా గార్నెట్ రేణువులే, తూర్పు కనుమల రాళ్లు అరిగి వచ్చినవి. ఎక్కడివక్కడే లూప్‌తో చూసి వదిలేయండి. ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం గుప్పెడు కూడా తీయొద్దు, అది కాపాడుకోవాల్సిన చోటు, ఇప్పటికే చాలా పోయింది.

రుషికొండ_రాళ్లపిచ్చి

ఇప్పుడే చేసి చూశాను అన్నా, పనిచేసింది! మా అక్క గొలుసులో "కెంపు" ఎంత తిప్పినా నల్లగానే ఉంది. అక్కకి ఇంకా చెప్పలేదు, టెన్షన్‌గా ఉంది.

భీమిలి_జియాలజీ

ఇప్పుడే చెప్పకు. ఒక్క పరీక్షతో తీర్పు ఇవ్వకూడదు. అది స్పినెల్ కావచ్చు, గార్నెట్ కావచ్చు, గాజు కావచ్చు, మూడింటి విలువా వేరువేరు. స్పెక్ట్రోస్కోప్ ఉన్నవాళ్ల దగ్గరికి తీసుకెళ్లు. ఎర్ర గార్నెట్‌లో ఆల్మండైన్ అయితే 505, 527, 576 దగ్గర మూడు నల్లపట్టీలు కళ్లకి కట్టినట్టు కనబడతాయి, ఒకసారి చూస్తే మళ్లీ మర్చిపోలేవు.

ఎంవీపీ_ల్యాబ్అక్క

కొత్తగా పరికరాలు కొనేవాళ్లకి ఒక మాట, ఎందుకంటే మన ఊళ్లో వీటికి పెద్ద శత్రువు గాలిలో తేమ. నేను కాలేజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. జూలైలో బీరువాలో పెట్టిన మైక్రోస్కోప్ అక్టోబర్‌లో తీస్తే కటకం మీద సాలెగూడులా బూజు పట్టేసి ఉంది, తుడిస్తే పోలేదు, పైపూతని తినేసింది. అప్పట్నుంచి లూప్ అయినా సరే, గట్టిమూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెడతాను. జెల్ రంగు మారగానే వేడిచేసి మళ్లీ వాడతాను. తోలు సంచిలో అస్సలు పెట్టకండి, తేమని అదే పీల్చి పెట్టుకుంటుంది.

రిఫ్రాక్టోమీటర్‌లో గాజు దిమ్మ చాలా మెత్తనిది, కెంపు దాని మీద ఈడ్చితే గీత పడిపోతుంది. పక్కన ఉన్న లోహం మీద రాయి పెట్టి వేలితో మెల్లగా చుక్క మీదికి జరపాలి, తీసేటప్పుడూ అలాగే. ఆ ద్రవంలో ఉండేది డైఅయొడోమీథేన్, గంధకం. వాసన చూడకూడదు, చేతికి అంటితే వెంటనే కడగాలి, పిల్లలకి అందకూడదు. సీసా వెలుతురు తగలని చోట ఉంచండి. రాయిని ఎక్కువసేపు వదిలేస్తే ద్రవం ఆరి గాజు మీద గంధకం పలుకులు మిగులుతాయి, వాటిని గోకితే అక్కడే దిమ్మ పాడవుతుంది. సీతమ్మధార చెల్లెమ్మ మూడు రాత్రులు కొలిచానంది కదా, ఫ్యాన్ ఆపి, కిటికీ తెరిచి కొలవమ్మా.

సీతమ్మధార_చెల్లి

అక్కా, కిటికీ మూసే కొలిచాను, ఇకమీదట తెరుస్తాను.

సానపట్టు గారూ, మీరు చెప్పినట్టే చేశాను. కొబ్బరినూనె, టిష్యూ, వెనకనుంచి టేబుల్ ల్యాంప్. మొదటి గంట ఏమీ లేదు. రాయి ఇంత శుభ్రంగా ఉందేంటి అని ముచ్చటపడ్డాను కూడా. తర్వాత ఉంగరాన్ని ఏటవాలుగా, రాయి పక్క అంచు వైపునుంచి లోపలికి చూస్తూ తిప్పుతుంటే ఒక్కసారిగా కనబడ్డాయి. సన్నటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, సమానమైన దూరంలో. తిన్నగా లేవు. కొంచెం వంపు, పాత గ్రామఫోను రికార్డులో ఒక ముక్క కోసి చూపించినట్టు. కొంచెం కదిపితే మాయం, మళ్లీ అదే కోణానికి తెస్తే మళ్లీ అవే. ఒక మూల చిన్న చుక్క, గుండ్రంగా, అంచు నల్లగా, మధ్యలో వెలుతురు, నూనెలో గాలిబుడగ లాగా. నూనెదేమో అనుకుని కడిగి తుడిచి మళ్లీ చూశాను. అక్కడే ఉంది.

ఇది అదేనా?

వన్‌టౌన్_సానపట్టు

అదేనమ్మా. ఇంత స్పష్టంగా చెప్పాక నాకు అనుమానం లేదు. పొడి పొరలు పొరలుగా పడి గడ్డ గుండ్రంగా పెరుగుతుంది కాబట్టి ఆ పొరల అంచులే వంపు గీతలుగా మిగిలిపోతాయి. భూమిలో పెరిగిన కెంపులో కూడా పెరుగుదల గీతలుంటాయి, కానీ అవి తిన్నగా ఉండి మూలలు తిరుగుతాయి, స్ఫటికం ముఖాల వెంట పెరుగుతుంది కాబట్టి. బర్మా రాయిలో ఐతే పట్టుదారాల్లాంటి సన్నటి సూదులు అరవై డిగ్రీల్లో ఒకదాన్నొకటి దాటుతూ ఉండేవి, వేలిముద్రలాంటి మచ్చలు కనబడేవి. రాయి మరీ శుభ్రంగా ఉందని మీరు ముచ్చటపడ్డారే, మేము ముందు భయపడేది దానికే.

కొట్టాయన అర నిమిషంలో చూసింది ఈ గీతలే అయ్యుంటాయి. అలవాటైన కంటికి అర నిమిషం చాలు. కానీ ఆయన మీకు లూప్ ఇచ్చి చూపించి ఉండాల్సింది, అది నా అభిప్రాయం. రాయి గురించి చెడు మాట చెప్పేటప్పుడు చూపించి చెప్పాలి.

ఈ రోజుల్లో కెంపు కొనేవాళ్లకి ఇంకో ప్రమాదం ఉంది, పనిలో పనిగా చెబుతాను. పగుళ్లున్న నాసిరకం గని కెంపులో సీసం గాజు నింపి అమ్ముతున్నారు. మీటర్ 1.76 చూపిస్తుంది, లోపల సూదులు కూడా ఉంటాయి, జాతిరాయే. కానీ లూప్ కింద మెల్లగా ఊపితే పగులు వెంట నీలంగా, నారింజగా తళుక్కుమంటుంది, లోపల అణిగిన బుడగలు ఉంటాయి. కంసాలి మంట తగిలినా, నిమ్మకాయ రసం తగిలినా ఆ గాజు పాడైపోతుంది. అందుకే కెంపు విషయంలో ముందు లూప్, తర్వాత మీటర్, మళ్లీ లూప్.

నర్సీపట్నం_కొండగాలి

చెల్లెమ్మా, బాధపడకు. ఆ పెద్దాయన మోసుకొచ్చింది నిజం, నడిచింది నిజం.

సీతమ్మధార_చెల్లి

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. ల్యాబ్అక్క పుణ్యాన మైక్రోస్కోప్ కింద కూడా చూశాను. నలభై రెట్లలో ఆ వంపు గీతలు చూసినప్పుడు నిజంగా ఏడుపొచ్చింది, కానీ దాచాలనిపించలేదు. అమ్మని తీసుకెళ్లి కూర్చోబెట్టి చూపించాను. అమ్మ చాలాసేపు చూసింది. "మా తాత కూడా ఇది చూసి ఉంటే కొనేవాడు కాదేమో, కానీ మేము దీన్ని చూసి పెరిగాం" అంది. ఉంగరం సైజు తగ్గించి పెట్టుకుంది. కొట్టాయన మీద అనవసరంగా అనుమానపడ్డాను, ఈసారి వెళ్లినప్పుడు ఆయనకి కూడా చెప్పాను.

రెండు మూడు వస్తువులు తెచ్చారన్నాను కదా, అందులో ఒక జత దుద్దులు ఉన్నాయి. ఒకదాంట్లో ఎర్రరాయి ఎప్పుడో ఊడిపోతే అమ్మ పొట్లం కట్టి బియ్యం డబ్బా వెనక దాచింది. కెంపు కాదు, కాస్త గులాబీ కలిసిన ఎరుపు, ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. లాప్‌టాప్ ముందు తిప్పితే నల్లగానే ఉండిపోయింది, మూడు వైపులనుంచి చూశాను. గాజే అనుకున్నాను. మీటర్ మీద పెడితే ఒక్కటే గీత, 1.718. ఐదుసార్లు కొలిచాను. లూప్‌లో లోపల చాలా చిన్న చిన్న పలుకులు వరసగా ఉన్నాయి, ఒక్కొక్కటి రెండు పిరమిడ్లు అడుగులు కలిపి అతికించినట్టు.

భీమిలి_జియాలజీ

అక్కా!! ఎనిమిది ముఖాల పలుకులు వరసగా ఉన్నాయంటే అవి స్పినెల్‌లో స్పినెలే. మంటలో పెంచిన స్పినెల్ 1.728 దగ్గర వస్తుంది, 1.718 కాదు. 1.718 చూపించే సింథటిక్ స్పినెల్ కూడా ఉంది కానీ అది మీ దుద్దుల కాలానికి బజారులో లేదు.

వన్‌టౌన్_సానపట్టు

పొట్లం జాగ్రత్తగా ఉంచమ్మా. స్పెక్ట్రోస్కోప్‌తో కూడా ఒకసారి చూద్దాం, ఎరుపు చివర సన్నటి వెలుగుగీతలు గుంపుగా కనబడితే క్రోమియం స్పినెల్ అని ఖాయం. అది కూడా అయ్యాక ల్యాబ్ సర్టిఫికెట్‌కి పంపించండి, అప్పటిదాకా ఎవరికీ అమ్మొద్దు, ఎవరైనా వంద అడిగినా వెయ్యి అడిగినా సరే. రెండో దుద్దులో రాయి ఇంకా కట్టులోనే ఉందా? దాన్ని ఊడదీయించకండి. కట్టు వెనక మూసి ఉన్నా మీటర్ మీద ముఖం ఆనితే చాలు, అంకె వస్తుంది.

సీతమ్మధార_చెల్లి

కట్టులోనే ఉంది. ఇప్పుడే కిటికీ తెరిచి, ఫ్యాన్ ఆపి కొలిచాను. 1.718.